ఆరడుగుల రీఫ్ ట్యాంకు: కరెంటు పోతే ఏమవుతుందో ముందే లెక్కేసి కట్టడం

పగడాల ట్యాంకు అనగానే మనసు లైట్ల మీదికీ, చేపల మీదికీ పోతుంది. అవి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మార్చుకోలేనివి మూడే: ట్యాంకు నిలబడే చోటు, గాజుకి వేసిన రంధ్రాలు, కింద పెట్టే సంప్ (పంపు ఉండే రెండో ట్యాంకు) కొలత. నీళ్ళు పోశాక వీటిలో ఏది సరిచెయ్యాలన్నా మొత్తం ఖాళీ చెయ్యాల్సిందే. అందుకని ప్రతి వస్తువు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది ఆగిపోతే, లేదా ఆగకుండా తిరుగుతూ పోతే, నీళ్ళు ఎటు పోతాయి?

లెక్కల కోసం 180 × 60 × 60 సెం.మీ. ట్యాంకు తీసుకుందాం. 15 మి.మీ. గాజు, పైన చుట్టూ గాజు ఉబ్బకుండా పట్టే బ్రేసింగ్ పట్టీ. స్టాండు లోపల 120 × 45 × 45 సెం.మీ. సంప్. రాళ్ళూ ఇసుకా ఆక్రమించే చోటు పోను, తిరిగే నీళ్ళు సుమారు 700 లీటర్లు.

చోటు, బరువు

నీళ్ళు, గాజు, రాళ్ళు, ఇసుక, స్టాండు అన్నీ కలిపితే టన్ను దాటుతుంది. ఆ బరువంతా చదరపు మీటరు పైచిలుకు జాగాలో పడుతుంది. ఇళ్ళ నేలల్ని మామూలుగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల భారానికి లెక్కేసి కడతారు. కింది అంతస్తులో నేల మీదే కట్టిన గచ్చయితే పెద్దగా బెంగ లేదు. పై అంతస్తయితే మాత్రం బరువు మోసే గోడకి ఆనించి, దూలాలకి అడ్డంగా పెట్టాలి, ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించాలి. ఇందులో ధైర్యం పనికిరాదు.

స్టాండు మట్టం చూసి, తేడా ఉంటే చెక్క చీలికలు స్టాండు కాళ్ళ కిందే పెట్టండి, ట్యాంకుకీ స్టాండుకీ మధ్య కాదు. అడుగు గాజు నేరుగా స్టాండు మీద కూర్చునే ట్యాంకయితే కింద ఫోమ్ షీటు వెయ్యాలి. అంచు ఫ్రేము మీద నిలబడే ట్యాంకుకి ఫోమ్ వేస్తే అది అడుగు గాజుని పైకి తోస్తుంది. గోడకి, ట్యాంకుకి మధ్య కనీసం 15 సెం.మీ. వదలండి. గొట్టాలు బిగించడానికి చెయ్యి దూరాలి కదా.

నీళ్ళు దిగే దారి

రిటర్న్ పంపు సంప్ నుంచి నీళ్ళని పైకి తోస్తుంది, ట్యాంకు అంచున ఉండే ఓవర్‌ఫ్లో పెట్టె మీదుగా పొర్లిన నీళ్ళు కిందికి దిగుతాయి. దిగడానికి మూడు గొట్టాలు పెట్టండి, ఒక్కొక్కటి ఒకటిన్నర అంగుళాలు. మొదటిది గాలి లేకుండా నిండుగా పారే సైఫన్. దాని మీద గేట్ వాల్వ్ ఉండాలి. బాల్ వాల్వ్ వెంట్రుకవాసి తిప్పినా ప్రవాహం చాలా మారిపోతుంది, సరిగ్గా నిలపడం కుదరదు. రెండోది తెరిచిన గొట్టం, సన్నని ధార మాత్రమే దిగాలి. మూడోది మూతి ఇంకాస్త ఎత్తులో, ఎప్పుడూ పొడిగా ఉంటుంది, ఆపద కోసం. సైఫన్ గొట్టం కొస సంప్ నీళ్ళలో రెండు మూడు సెం.మీ. మాత్రమే మునగాలి. లోతుగా ముంచితే పంపు మళ్ళీ మొదలైనప్పుడు గొట్టంలోని గాలి బయటికి పోలేక గుడగుడమంటూ ఉండిపోతుంది.

బల్క్‌హెడ్ (గాజు రంధ్రంలో గొట్టాన్ని పట్టి ఉంచే అతుకు) బిగించేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు వాషరుది. రబ్బరు వాషరు వెడల్పు అంచు వైపు, అంటే నీళ్ళ వైపు ఉండాలి, నట్టు వైపు కాదు. చేత్తో బిగించాక పావు చుట్టు చాలు. ఇంకా బిగిస్తే రంధ్రం దగ్గర గాజు చిట్లుతుంది. పీవీసీ అతుకులు ఆరడానికి ఒక రోజు వదలండి. పంపుకి అటూ ఇటూ యూనియన్లు (విప్పదగిన మర అతుకులు) పెట్టకపోతే పంపు కడిగిన ప్రతిసారీ గొట్టం కోసుకోవాల్సి వస్తుంది.

ఇక అసలు లెక్క. ట్యాంకు పై వైశాల్యం 180 × 60, అంటే 10,800 చదరపు సెం.మీ. నీటిమట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 10.8 లీటర్లు కిందికి వస్తాయి. కరెంటు పోగానే రిటర్న్ గొట్టం తిరగబడి సైఫన్ అయిపోతుంది, దాని మూతికి గాలి తగిలేదాకా ట్యాంకులో నీళ్ళు లాగుతూనే ఉంటుంది. మూతి మట్టానికి 5 సెం.మీ. కింద ఉంటే 54 లీటర్లు, పెట్టెలో గొట్టాల్లో ఉన్నది ఇంకో 10, మొత్తం 64. సంప్ అడుగు 5,400 చదరపు సెం.మీ. అందులో 24 సెం.మీ. ఎత్తున నీళ్ళు నడుపుతుంటే పైన 21 సెం.మీ. ఖాళీ, అంటే 113 లీటర్లు పడతాయి. ఇబ్బంది లేదు. అదే మూతిని అలల కోసమని 15 సెం.మీ. లోతుకి దించితే 162 లీటర్లు, ఆ పై 10. సుమారు 60 లీటర్లు ఇంట్లోకి వస్తాయి. నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ కాపాడుతుందనుకోవద్దు, ఒక్క నత్త గుల్ల అడ్డుపడితే అది మూసుకోదు. మట్టానికి కాస్త కింద గొట్టానికి చిన్న రంధ్రం పెట్టే పద్ధతి కూడా అంతే, నాచు పట్టి పూడిపోతుంది. అసలు మూతే పైన ఉండాలి.

రెండో వైపు కూడా చూసుకోండి. దిగే గొట్టాలు మూడూ మూసుకుపోయాయనుకుందాం. పంపు తన గదిలోని నీళ్ళన్నీ పైకి తోసేస్తుంది. ఆ గది 25 × 45 సెం.మీ., 24 ఎత్తు అయితే 27 లీటర్లు, పైన రెండున్నర సెం.మీ. పెరుగుతుంది. ట్యాంకు అంచు కింద 3 సెం.మీ. ఖాళీ వదిలితే ఒక్క చుక్క బయటపడదు. పంపు గది పెద్దదిగా ఉంటే మంచిదని పెంచేవాళ్ళు ఈ లెక్క మర్చిపోతారు.

ఇదంతా మామూలు నీళ్ళతోనే పరీక్షించాలి. రెండు రోజులు నడపండి. పంపు తిరుగుతుండగా సైఫన్ గొట్టాన్ని అరచేత్తో మూసి, రెండోది అందుకుంటోందో లేదో చూడండి. రెండూ మూసి మూడోది చూడండి. తరవాత ప్లగ్ పీకేసి, సంప్‌లో నీళ్ళు ఎక్కడ ఆగాయో అక్కడ మార్కరుతో గీత గియ్యండి. ఆ గీత అంచుకి 3 సెం.మీ. కిందైనా ఉండాలి.

పంపులు, హీటర్లు, కరెంటు

రిటర్న్ పంపు గంటకి 2,000 నుంచి 3,000 లీటర్లు ఇస్తే చాలు. డబ్బా మీద రాసినది సున్నా ఎత్తుకి, మీటరున్నర ఎత్తెక్కితే బాగా పడిపోతుంది, పంపుతో వచ్చే గ్రాఫు చూసి కొనండి. పగడాలకి కావలసిన కదలిక దీనితో రాదు. దానికి ఎదురెదురుగా రెండు వేవ్‌మేకర్లు (ట్యాంకు లోపలే నీళ్ళని తిప్పే పంపులు), కలిపి గంటకి 15,000 నుంచి 25,000 లీటర్లు.

హీటరు ఒకటి పెద్దది బదులు 300 వాట్లవి రెండు, బయటి కంట్రోలరు మీద. హీటర్లు చెడేటప్పుడు లోపలి కాంటాక్టు అతుక్కుపోయి ఆగకుండా వెలుగుతూ పోవడం తరచు. 300 వాట్లది ఒకటి అలా ఇరుక్కున్నా 700 లీటర్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి రెండున్నర గంటల పైనే పడుతుంది, మనిషి గమనించే వ్యవధి దొరుకుతుంది. ఉష్ణోగ్రత 25–26 డిగ్రీలు. గది వేడే 28 దాటుతుంటే నీళ్ళని చల్లబరిచే చిల్లరు తప్పదు. ఫ్యాను కూడా చల్లబరుస్తుంది గానీ నీళ్ళని ఆవిరి చేసే చల్లబరుస్తుంది.

కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ లేకుండా ఏదీ తగిలించకండి. ప్రతి వైరూ ప్లగ్ కన్నా కిందికి ఒక వంపు తిరిగి మళ్ళీ పైకెక్కాలి, జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. స్కిమ్మర్ (నురుగుతో మలినాలు తీసే పరికరం) మాత్రం కరెంటు వచ్చాక పది నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యేలా టైమరు పెట్టండి, సంప్ మట్టం ఎక్కువగా ఉన్నప్పుడు అది పొంగి కప్పు నింపేస్తుంది. ఇక కరెంటు ఎక్కువసేపు లేకపోతే ముందు అయిపోయేది ఆక్సిజన్. ఒక వేవ్‌మేకరుకైనా బ్యాటరీ ఉండాలి.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి రోజూ చేర్చాల్సింది మంచినీళ్ళే. 700 లీటర్లకి రోజుకి ఏడు లీటర్ల దాకా పోవచ్చు, ఆ తరుగంతా పంపు గదిలోనే కనిపిస్తుంది: ఒక్క రోజులో 6 సెం.మీ. మూడో రోజుకి పంపు గాలి మింగుతుంది. అందుకే తగ్గిన నీళ్ళని తనంతట తానే నింపే ఆటో టాప్-అప్ విలాసం కాదు. దాన్ని ఫిల్టరు లైనుకి నేరుగా కలపకండి, 40 లీటర్ల డబ్బా నుంచి నడపండి. సెన్సారు ఇరుక్కుపోయి డబ్బా మొత్తం కుమ్మరించినా లవణీయత 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో ఉప్పు ఎన్ని భాగాలో) నుంచి 33కి దిగుతుంది, అంతే. లైనుకి కలిపితే దానికి అంతు లేదు.

నీళ్ళు, ఉప్పు, రాళ్ళు

నీళ్ళలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరులో సున్నా చూపించే ఆర్వో-డీఐ (పొర గుండా వడకట్టి, చివర రెజిన్‌తో మిగిలిన లవణాలు తీసిన) నీళ్ళే వాడాలి. తాగే నీళ్ళ ఆర్వో చాలదు, దానికి చివర డీఐ రెజిన్ ఉండదు, చాలావాటిలో రుచికోసం ఖనిజాలు మళ్ళీ కలుస్తాయి. కుళాయి నీళ్ళలోని సిలికేట్లు గోధుమరంగు పొరని, ఫాస్ఫేటు నాచుని పెంచుతాయి. రాగి ఉంటే రొయ్యలూ నత్తలూ బతకవు.

లీటరుకి సుమారు 36 గ్రాముల చొప్పున మొదటిసారికి 26 కిలోల దాకా రీఫ్ ఉప్పు పడుతుంది. ఉప్పుని నీళ్ళలో వెయ్యాలి, ఉప్పు మీద నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే గాఢమైన ఆ ముద్దలోనే క్యాల్షియం, కార్బొనేటు కలిసి సున్నంలా పేరుకుపోతాయి, ఎంత తిప్పినా కరగవు. 35 పీపీటీ, అంటే సాంద్రత 1.026. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటరుని 35 పీపీటీ ద్రవంతో సరిచూడండి. డీఐ నీళ్ళతో సున్నా దగ్గర సరిచేసిన పరికరం పైన తప్పు చూపించవచ్చు.

రాళ్ళు 40–50 కిలోలు. ముందు రాళ్ళు, తరవాత ఇసుక. ఇసుక మీద రాయి పెడితే దానికింద గోబీలూ పిస్టల్ రొయ్యలూ తవ్వుకుపోయి గుట్ట మొత్తం గాజు మీదికి ఒరుగుతుంది. గుట్టకీ గాజుకీ మధ్య గాజు తుడిచే అయస్కాంతం దూరేటంత ఖాళీ ఉంచండి, పగడాలు పెరిగాక అదీ తగ్గుతుంది. ఇసుక ఆరగోనైట్ (సున్నపు ఇసుక), ఒకటి రెండు మి.మీ. గింజ, 4 సెం.మీ. మందం: సుమారు 60 కిలోలు. నీళ్ళు పోసేటప్పుడు ఇసుక మీద ఒక పళ్ళెం పెట్టి దాని మీద ధార పడనివ్వండి.

సైకిల్

సైకిల్ అంటే అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియాని చేపలకన్నా ముందే పెంచడం. బాక్టీరియా సీసా పోసి, అమ్మోనియం క్లోరైడుతో అమ్మోనియా 2 పీపీఎంకి (పది లక్షల భాగాల్లో రెండు) తెచ్చి వదిలెయ్యండి. లైట్లు వద్దు. పొడి రాయితో మొదలుపెడితే నాలుగు నుంచి ఆరు వారాలు. 2 పీపీఎం పోస్తే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకి దిగితే పూర్తయినట్టు. నైట్రైటు ఉన్నంతకాలం నైట్రేటు టెస్టు ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకెని పట్టించుకోకండి. అయ్యాక సగం నీళ్ళు మార్చండి.

ఆ తరవాత వికారంగా ఉండే కాలం వస్తుంది. ముందు గోధుమరంగు డయాటమ్‌లు, తరవాత ఎర్రని జిగురు పొర, జుట్టులాంటి నాచు. కంగారుపడి ఫాస్ఫేటు, నైట్రేటు మొత్తం పీల్చేస్తే మొదటికే మోసం: రెండూ సున్నాకి చేరిన ట్యాంకులో డైనోఫ్లాజెల్లేట్లు, బుడగలతో కూడిన గోధుమ చీమిడిలా పట్టుకుంటాయి. నాచుకన్నా వాటిని వదిలించడం కష్టం. నైట్రేటు 2–10 పీపీఎం, ఫాస్ఫేటు 0.03–0.1 మధ్య ఉంచండి.

ప్రాణులు

ముందు నత్తలు, తరవాత క్లౌన్‌ఫిష్‌లాంటి చిన్న చేపలు, రెండు వారాలకి ఒకటి రెండు. చోటు తనదంటూ కొట్టే టాంగ్ చేపలు చివర్లో. ప్రతి చేపకీ వేరే ట్యాంకులో క్వారంటైన్ తప్పనిసరి. తెల్లచుక్కల జబ్బు తెచ్చే క్రిప్టోకారియాన్ పరాన్నజీవి పెద్ద ట్యాంకులోకి వస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. దాన్ని చంపే రాగి మందు పగడాల ట్యాంకులో వెయ్యలేరు. చేపలన్నిటినీ బయటికి తీసి, ట్యాంకుని 76 రోజులు చేప లేకుండా ఉంచాలి. రాళ్ళన్నీ పీకకుండా ఆరడుగుల ట్యాంకులో టాంగ్‌ని పట్టడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పగడాల్లో మొదట మెత్తవి, జోయాంతిడ్‌లు, తరవాత హామర్, టార్చ్, చివర్లో గట్టి కొమ్మల ఆక్రోపొరా. వెలుతురు పార్ (పగడాలు వాడుకునే వెలుతురు కొలత) లెక్కలో మెత్తవాటికి 50–100, ఆక్రోపొరాకి 200–350. కొత్తది ఏదైనా తక్కువ వెలుతురులో మొదలు. ప్రతి ముక్కనీ డిప్‌లో (పురుగుల్ని పోగొట్టే ద్రావణం) ముంచి, అడుగున అంటుకున్న గుడ్లు గీకి, వీలైతే అది అతికి ఉన్న పాత బిళ్ళ తీసేసి పెట్టండి. ఒక హెచ్చరిక: జోయాంతిడ్‌లలో, ముఖ్యంగా పాలితోవాల్లో, పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండవచ్చు. కోసేటప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు. అవి పట్టిన రాయిని ఎప్పుడూ మరిగించకండి, వేడినీళ్ళతో కడగకండి. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలయిన సందర్భాలున్నాయి.

గట్టి పగడాలు పెరిగేకొద్దీ ఆల్కలినిటీ (నీళ్ళలోని కార్బొనేటు నిల్వ, కొలత డీకేహెచ్) తగ్గుతుంది. 7–9 డీకేహెచ్‌లో ఏదో ఒక అంకె దగ్గర నిలపండి. ఏ అంకె అన్నదానికన్నా అది కదలకపోవడం ముఖ్యం. రోజూ ఒకే వేళకి, ఆల్కలినిటీ పెంచే మందు ఆపి, మూడు రోజులు కొలిస్తే రోజుకి ఎంత పోతోందో తెలుస్తుంది. 700 లీటర్లలో 1 డీకేహెచ్ పెంచడానికి 21 గ్రాముల వంటసోడా. ప్రతి 1 డీకేహెచ్‌కీ క్యాల్షియం 7 పీపీఎం చొప్పున తగ్గుతుంది, దాన్ని క్యాల్షియం క్లోరైడుతో విడిగా, వేరే చోట, వేరే సమయంలో చేర్చండి. రెండూ ఒకచోట కలిస్తే తెల్లగా విరిగిపోతాయి. క్యాల్షియం 400–450, మెగ్నీషియం 1,250–1,350 పీపీఎం. రోజుకి 1 డీకేహెచ్ మించి పెంచితే ఆక్రోపొరా కొసలు మాడతాయి.

మూడు నెలలకోసారి పంపులు విప్పి వెనిగరు కలిపిన నీళ్ళలో నానబెట్టండి. అదే రోజు ప్లగ్ ఒకసారి పీకి, సంప్ నీళ్ళు మొదట గీసిన గీత దగ్గరే ఆగుతున్నాయో లేదో చూడండి. దాటుతుంటే రిటర్న్ మూతి కిందికి జారింది, లేదా ఎవరో టాప్-అప్ సెన్సారు పైకి జరిపారు.