సరిహద్దు ఊరి బడికి ట్యాబ్‌లు తెచ్చే ముందు, తెచ్చాక

సిరొంచ తాలూకాలో ఏదో ఒక బడికి ట్యాబ్‌లు ఇప్పించాలని ఉందంటూ వచ్చేవాళ్లు సాధారణంగా ధర గురించి, కంపెనీ గురించి అడుగుతారు. నేను వాళ్లను అడిగేది వేరు: ఆ పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత, గోదావరి, ఇంద్రావతి ఒడ్డున ఉన్న మా ఊళ్లలో చాలా ఇళ్ల భాష తెలుగు, లోపలి ఊళ్లలో గోండీకి దగ్గరి గిరిజన భాష మాడియా. బడి మాత్రం మరాఠీ మాధ్యమం. ఒకటో తరగతిలో చేరిన పిల్లకు పుస్తకంలోని భాష చెవికీ కొత్తే, అక్షరం కంటికీ కొత్తే. నోటి నిండా ఉన్న తెలుగుకు అక్షరాలు నేర్పేవాళ్లు లేరు. అమ్మానాన్నలూ మరాఠీలోనే చదువుకున్నవాళ్లు. ఈ సంగతి పట్టించుకోకుండా ట్యాబ్ చేతికిస్తే పిల్లలు వీడియోలు చూస్తారు, అంతే. పట్టించుకుంటే దానితో చాలా చేయవచ్చు. జిల్లా పరిషత్ బడిలో పాఠాలు చెబుతూ, చుట్టుపక్కల బడుల్లోనూ ఈ పని చేయిస్తూ నాకు కుదిరిన పద్ధతి ఇది.

మొదట బడి యాజమాన్య సమితిని కూర్చోబెట్టండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. తీర్మానంలో రెండు సంగతులు తప్పకుండా రాయించండి: బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, తెర పగిలితే బాగుచేయించే డబ్బు ఎక్కడిది. పగిలినా పిల్లల ఇంటి నుంచి గానీ, టీచర్ జీతం నుంచి గానీ వసూలు చేయమని స్పష్టంగా ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేక కొత్త ట్యాబ్‌లు అట్టపెట్టెల్లోనే పాతబడిన బడులు ఉన్నాయి. భయం ఉన్నచోట ఎవరూ బీరువా తెరవరు.

కొనేటప్పుడు అన్నీ ఒకే మోడల్ తీసుకోండి. ఛార్జరు, కవరు, తెర ఒకదానివి మరోదానికి పనికొస్తాయి. మెమరీ కార్డు పెట్టే వీలు, కనీసం 3 జీబీ ర్యామ్ ఉండాలి. సిరొంచలోనో, నది దాటి చెన్నూరు, మంచిర్యాలలోనో బాగుచేసేవాళ్లు దొరికే కంపెనీది కావాలి. పిల్లకొకటి అక్కరలేదు. ముగ్గురికి ఒకటి ఉంటే ఒకరు నొక్కుతారు, ఒకరు చదువుతారు, ఒకరు తప్పు పట్టుకుంటారు. ఆ వాదులాటలోనే సగం చదువు ఉంది.

కరెంటు లెక్క మాత్రం కాగితం మీద వేసి తీరాలి. 7,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ట్యాబ్ ఒకసారి పూర్తిగా నిండడానికి దాదాపు 26 వాట్ అవర్ల కరెంటు కావాలి. పది ట్యాబ్‌లకు 260. ఛార్జర్లలో, తీగల్లో పోయేది కలిపితే 330 అనుకోండి. 12 వోల్టుల, 60 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో 720 వాట్ అవర్లు ఉంటాయి కానీ సగానికి మించి వాడితే అది త్వరగా పాడవుతుంది. అంటే 360 చేతికొస్తాయి, మన పనికి సరిపోతాయి. దాన్ని నింపడానికి ఎండాకాలంలో 100 వాట్ల సోలార్ పలక చాలు. వానాకాలంలో వరసగా మబ్బు పట్టే రోజులు ఉంటాయి కాబట్టి 150 వాట్లది పెట్టించండి. మన అక్షాంశం దాదాపు 19 డిగ్రీలు. పలకను దక్షిణం వైపు అంతే వాలుతో బిగిస్తే ఏడాది పొడవునా బాగా పనిచేస్తుంది. పలక మీద చింతచెట్టు నీడ పొద్దున ఒక గంట పడినా కరెంటు బాగా తగ్గిపోతుంది. అందుకే బిగించే ముందు ఒక రోజంతా కప్పు మీద నీడ ఎక్కడెక్కడ తిరుగుతుందో చూడండి. ఈ పని ఏడో తరగతి పిల్లలకు అప్పగించండి, సుద్దతో గీతలు గీసి చూపిస్తారు.

ఇక నెట్. లేదని ఆగకండి. రూటర్‌కు ఇంటర్నెట్ లేకపోయినా అది గదిలోని పరికరాలను ఒకదానితో ఒకటి కలుపుతుంది. పాత లాప్‌టాప్ ఒకటి గానీ, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ గానీ పెట్టి, అందులో కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే, పిల్లలు ట్యాబ్‌లో బ్రౌజర్ తెరిచి పాఠాలు, కథలు, లెక్కల అభ్యాసాలు చూసుకుంటారు. కివిక్స్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వికీపీడియానే మొత్తం దింపి పెట్టుకోవచ్చు. తెలుగుదీ మరాఠీదీ రెండూ ఉన్నాయి. మహారాష్ట్ర బడి పుస్తకాలైన బాలభారతి పుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో తెరుచుకుంటాయి, ఆ పాఠాలను దింపుకుని నెట్ లేకుండానే చూపించవచ్చు. సిగ్నల్ బాగున్న చోట ఇవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని ఊరికి తీసుకెళ్లండి. దారులు తెగిపోయే వానలకు ముందే, అంటే జూన్‌లోనే ఈ పని పూర్తవ్వాలి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే కథల వెబ్‌సైట్‌లో ఒకే కథ చాలా భాషల్లో దొరుకుతుంది, ఎవరైనా ఉచితంగా దింపుకుని వాడుకోవచ్చు. తెలుగులోనూ మరాఠీలోనూ ఉన్న చిన్న కథ ఒకటి ఎంచుకోండి. మన పిల్లలకు తెలుగు చదవడం రాదు కాబట్టి తెలుగును గొంతుగా ఇవ్వాలి. ఊళ్లో తెలుగు చదవగలిగేవాళ్లు, నది అవతలి నుంచి కోడలుగా వచ్చినవాళ్లు, ఒక్కరైనా ఉంటారు. ఆమె చేత కథ చదివించి, పుస్తకం తెలుగులో కాకుండా మన ఊరి తెలుగులో మళ్లీ చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయండి. మా బడిలో రికార్డింగుకు మధ్యాహ్న భోజనం బియ్యం ఉంచే గదిని వాడతాం. బస్తాలు ప్రతిధ్వనిని మింగేస్తాయి, తరగతి గదిలో ఎంత ప్రయత్నించినా రాని శుభ్రమైన గొంతు అక్కడ వస్తుంది. ఫోన్‌ను నోటికి ఎదురుగా కాక కాస్త పక్కగా, జానెడు దూరంలో పట్టుకోవాలి. లేకపోతే ప, బ అన్నప్పుడల్లా గాలి తగిలి టప్పుమంటుంది. ఒక్కో పేజీకి ఒక్కో ఫైలు చేసి, కథ పేరు, పేజీ అంకె వేసి దాచండి.

తరగతిలో వరుస ఇలా ఉంటుంది. పిల్లలు ముందు బొమ్మ చూస్తూ తెలుగు గొంతు వింటారు. కథ అర్థమైపోయింది, నవ్వాల్సిన చోట నవ్వేశారు. అప్పుడు అదే పేజీ మరాఠీలో తెరిచి, మీరు వేలు పెట్టి చదువుతారు. ఆ తర్వాత వాళ్లు చదువుతారు. చివర్న పిల్లలే మరాఠీ పేజీని తమ గొంతుతో రికార్డు చేసి, తామే విని, బాగా లేదనుకుంటే మళ్లీ చేస్తారు. మూడో తరగతి పిల్ల ఒకతె తన గొంతు విని, చెప్పకుండానే వెనక్కి జరిపి, తడబడిన ఒక్క వాక్యాన్నే మళ్లీ మళ్లీ చదువుకుంటూ కూర్చుంటే, నేను పీరియడ్ ముగిసే గంట కొట్టనివ్వలేదు. మాడియా పిల్లలకైతే గోండీ కథలు వెతకండి, స్టోరీవీవర్‌లో ఉన్నాయి. అదీ కుదరకపోతే ఊరి పెద్దవాళ్ల చేత మాడియాలో చెప్పించండి.

పర్లాకిమిడి, రాయగడ వైపు ఉన్నవాళ్లు మరాఠీ బదులు ఒడియా పెట్టుకుంటే ఇదంతా అలాగే వర్తిస్తుంది. టైపింగుకు లాప్‌టాప్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరిక నేర్పండి. అందులో క అనే అక్షరం మరాఠీలోనూ, ఒడియాలోనూ, తెలుగులోనూ ఒకే మీట మీద ఉంటుంది. బడి భాషలో వేళ్లు తిరిగితే తెలుగు టైపింగు దాదాపు వచ్చేసినట్టే, ఇక అక్షరాల రూపం గుర్తుపట్టడమే మిగులుతుంది.

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఇంటి పనిలోంచే పాఠం తీయండి. మహారాష్ట్రలో 2021 నుంచి రైతు తన పొలంలో ఏ పంట వేశాడో ఇ-పీక్ పాహణీ యాప్‌లో తానే నమోదు చేయాలి. మిరప తోటలోనో పత్తి చేలోనో నిలబడి ఫొటో తీయడం, గట్ నంబరు (పొలం సర్వే నంబరు) సరిగ్గా ఎంచుకోవడం, పంపే ముందు ఒకసారి చదువుకోవడం పిల్లలకు మంచి సాధన. నాన్న పక్కన ఉండి చేయించాలి, పిల్లలు ఒక్కరే చేయకూడదు. మహారాష్ట్ర భూరికార్డుల వెబ్‌సైట్ మహాభూలేఖ్‌లో తమ భూమి సాత్‌బారా (7/12 పత్రం) తెరిచి, అందులో ఏ గడిలో ఏముందో అమ్మకు చదివి చెప్పమనండి. అమ్మ అడిగే ప్రశ్నలకు జవాబు తెచ్చుకోవడమే పరీక్ష.

అమ్మలను ఒక రోజు బడికి పిలవండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కరలేదు, పంపడానికే కావాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. ఫోన్‌లో అరెస్టు చేశామనేవాడు దొంగే. డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఇంతే చెప్పండి, కానీ చేయించి చెప్పండి: ఒకరు మోసగాడిగా ఫోన్ చేస్తే ఇంకొకరు జవాబివ్వాలి. పిల్లలను ఎవరైనా ఫోన్‌లో వేధిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉందని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. పిల్లల ఫొటోలు, గొంతులు బడి దాటి బయటికి పంపాలంటే తల్లిదండ్రుల సంతకం ముందు తీసుకోండి.

టీచర్లకు బదిలీలు అవుతాయి. అందుకని పని ఒక్కరికే తెలిసి ఉండకూడదు: ఇద్దరు టీచర్లు, ఊళ్లో ఉండే ఒక యువతి లేదా యువకుడు, నలుగురు పెద్ద తరగతుల పిల్లలు కలిసి చూసుకోవాలి. ప్రతి ట్యాబ్ వెనక పెయింటుతో అంకె వేయండి. ఎవరు తీశారు, ఎంత ఛార్జింగుతో తిరిగి పెట్టారు అని పిల్లలే పుస్తకంలో రాయాలి. ఏ ట్యాబ్ ఛార్జింగు తొందరగా దిగిపోతోందో ఆ పుస్తకమే పట్టిస్తుంది.

మా ప్రాంతం విదర్భలో బడులు జూన్ చివర్లో గానీ తెరవరు. వేసవి సెలవులకు ముందు ట్యాబ్‌లను సగం ఛార్జింగులో ఉంచి, పూర్తిగా ఆపి, రేకుల కప్పు లేని గదిలో, ఎండ తగలని గోడ పక్కన పెట్టండి. నిండా ఛార్జింగుతో మే నెల వేడిలో ఉన్న లిథియం బ్యాటరీ ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. నెలకొకసారి ఊళ్లోని ఆ యువతో యువకుడో వెళ్లి చూసి, 30 శాతం కంటే తగ్గినదాన్ని మళ్లీ సగానికి నింపి రావాలి. సోలార్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయాల్సిన రకమైతే దానినీ అదే రోజు చూడమనండి.