తాతయ్య హెచ్ఎంటీ జనతా మళ్ళీ నడవాలంటే

బీరువాలో దొరికిన పాత కీ వాచీని చూడగానే అందరం చేసే తప్పు ఒకటే, గబగబా కీ తిప్పేస్తాం. ఆగండి. ఏళ్ళ తరబడి పడున్న వాచీలో ఆయిల్ ఎండి జిగురైపోయుంటుంది, అలాగే నడిపిస్తే లోపల చక్రాలు అరుగుతాయి. ముందు సర్వీసింగ్, తర్వాతే కీ.

బాగుచేసే ఆయన్ని ఒక్కటే అడగండి, "మిషను మొత్తం విప్పి కడుగుతారా, లేక పైపైన ఆయిల్ వేస్తారా?" రెండోదైతే నమస్కారం పెట్టి వచ్చేయండి. జనతాలో ఉండేది 17 జ్యువెల్స్ (చక్రాల ఇరుసులు అరక్కుండా పెట్టే చిన్న రాళ్ళు) మిషను, పాతవి విప్పి పార్టులు అమ్మేవాళ్ళున్నారు కాబట్టి స్పేర్లకి మరీ భయపడక్కర్లేదు.

డయల్‌కి మాత్రం రీపెయింట్ వద్దు!! నేను తెలీక ఒప్పుకున్నా, తిరిగొచ్చాక చూస్తే హిందీ అక్షరాలు లావుగా, కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది, మా తాతయ్య చేతికున్న వాచీ అది కాదు. పసుపెక్కిన డయలే అందం.

గ్లాసు గీతలు పడితే మార్చేయకండి, అది ఆక్రిలిక్ అనే ఒక రకం ప్లాస్టిక్, మెత్తటి గుడ్డ మీద కాస్త తెల్ల టూత్‌పేస్ట్ (జెల్ కాదు) వేసి ఐదు నిమిషాలు గుండ్రంగా రుద్దితే చాలావరకు పోతాయి. తడి లోపలికి పోకుండా చూస్కోండి, కీ దగ్గర మరీ జాగ్రత్త.

బెల్టు కొనేముందు వాచీకి బెల్టు తగిలించే కొమ్ముల మధ్య వెడల్పు స్కేలుతో కొలవండి. ఇక రోజూ పొద్దున ఒకే టైముకి కీ ఇవ్వండి, బిగుసుకోగానే ఆపేయండి. రోజుకి అరనిమిషం అటూఇటూ అయితే కంగారొద్దు, ఆ వయసుకి అది మామూలే.