గాజును సేకరించి అమ్మడం: కాలనీ సంఘాలకు, చిన్న దుకాణదారులకు ఒక మార్గదర్శిని

పాత పేపర్లు, ఇనుము, అట్టపెట్టెలు సంతోషంగా కొనే పాతసామాను దుకాణదారు గాజును చూడగానే వద్దనడానికి తగిన కారణాలే ఉన్నాయి. దాని బరువు ఎక్కువ, ధర తక్కువ, పగిలితే చేతులు కోసుకుపోతాయి, రంగులు కలిసిపోతే ఉన్న కాస్త విలువ కూడా పోతుంది. అయినా ఎన్నిసార్లు కరిగించినా గుణం తగ్గని పదార్థాన్ని డంపింగ్ యార్డు పాలు చేయడం అన్యాయమని నా అభిప్రాయం. ఒక అపార్ట్‌మెంటు సంఘమో, కాలనీ సంఘమో, చిన్న దుకాణమో గాజును సేకరించి కర్మాగారం దాకా చేర్చాలనుకుంటే పాటించవలసిన పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

సేకరణ మొదలుపెట్టక ముందే కొనేవారిని ఖాయం చేసుకోవాలి. హైదరాబాదు ప్రాంతంవారికి ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది: సనత్‌నగర్‌లోనూ భువనగిరిలోనూ సీసాలు తయారుచేసే ఏజీఐ అనే సంస్థ కర్మాగారాలున్నాయి, సంగారెడ్డి జిల్లాలో బీరు కర్మాగారాలున్నాయి. అయితే ఇంత పెద్ద సంస్థలకు లారీల లెక్కన సరుకు కావాలి కాబట్టి, మధ్యలో సీసాల వ్యాపారి తప్పనిసరి అవుతాడు. 650 మిల్లీలీటర్ల ఖాళీ బీరు సీసా సుమారు అర కిలో తూగుతుందనుకుంటే, పది టన్నుల లారీ నిండడానికి దాదాపు 20,000 సీసాలు కావాలి. ఒక్క అపార్ట్‌మెంటుకు ఇది సాధ్యం కాదు. నాలుగైదు కాలనీలు కలిసి ఒకేచోట నిల్వ చేసుకోవాలి, లేదా దగ్గరలోని వ్యాపారికే సరుకు అప్పగించాలి. దూరం పెరిగేకొద్దీ లారీ కిరాయే సరుకు విలువను మింగేస్తుంది కనుక, ఎక్కువ ధర చెప్పిన దూరపు కొనుగోలుదారు కన్నా మామూలు ధర ఇచ్చే దగ్గరివాడే తరచుగా మేలు.

చెక్కుచెదరని సీసాను ఎన్నడూ పగలగొట్టకూడదు. కడిగి మళ్లీ నింపుకొనే బీరు సీసాకు పగిలిన గాజు పెంకుల కన్నా మంచి ధర వస్తుంది. దాన్ని మళ్లీ కరిగించవలసిన పనే ఉండదు గనుక ఇంధనమూ మిగులుతుంది. సీసా మీద ఉబ్బెత్తు అక్షరాలతో ఉన్న కంపెనీ పేరును బట్టి, కొలతను బట్టి విడివిడిగా పేర్చి, మూతి అంచు చిట్లినవాటిని పక్కన పెట్టాలి. ఖరీదైన విదేశీ మద్యం సీసాల విషయంలో మాత్రం ఈ నియమం తిరగబడుతుంది. వాటిలో కల్తీ మద్యం నింపి అమ్మేవారి చేతికి అవి చిక్కకుండా, వాటిని మీ కళ్లముందే పగలగొట్టించి పెంకుల్లో కలపడం మంచిది.

పగిలిన గాజును వ్యాపారంలో కల్లెట్ అంటారు. ఇసుక, సోడా యాష్ (సోడియం కార్బొనేట్), సున్నపురాయి కలిపి 1,500 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కరిగించడం కన్నా ఒకసారి తయారైన గాజును కరిగించడం తేలిక కాబట్టి కర్మాగారం దీన్ని కొంటుంది. ముడిసరుకులో కల్లెట్ వాటా పది శాతం పెరిగినప్పుడల్లా కొలిమి ఇంధనం సుమారు రెండున్నర నుంచి మూడు శాతం తగ్గుతుంది. పైగా సోడా యాష్ నుంచీ సున్నపురాయి నుంచీ వెలువడవలసిన కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఇన్ని లాభాలున్నా కర్మాగారం మురికి సరుకును తీసుకోదు. అందువల్ల ఏరివేత మీదే మీ శ్రమలో ఎక్కువ భాగం పెట్టాలి.

అన్నిటికన్నా హానికరమైనది పింగాణీ. పగిలిన టీ కప్పు, సాసరు, ఆవకాయ జాడీ ముక్క చూడటానికి గాజులాగే కనిపించినా సీసాల కొలిమిలో కరగదు. కొత్త సీసా గోడలో రాయిలా మిగిలిపోయి, ఆ సీసా అక్కడే చిట్లిపోయేలా చేస్తుంది. ఓవెన్‌లోనూ పొయ్యి మీదా పెట్టే బోరోసిలికేట్ గాజు పాత్రలు, ప్రయోగశాల బీకర్లు, ఇంజెక్షన్ వయల్స్ కూడా ఈ కోవకే చెందుతాయి, ఎందుకంటే ఆ గాజు మెత్తబడడానికి మరింత వేడి కావాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన గాజును ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకూడదు. అది 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం నీలి గుర్తు ఉన్న డబ్బాల ద్వారా వేరే దారిన పోవాలి. ట్యూబులైట్లలోనూ సీఎఫ్ఎల్ బల్బుల్లోనూ పాదరసం ఉంటుంది, పాత టీవీల పిక్చర్ ట్యూబుల్లో సీసం ఉంటుంది. వాటిని ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి. కిటికీ అద్దాలు, ముఖం చూసుకునే అద్దాలు, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండే కారు ముందు అద్దాలు సీసాల కుప్పలో చేరకూడదు. మూతల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ అల్యూమినియం మూత కొలిమిలో పడితే గాజులోని సిలికాతో చర్య జరిపి సిలికాన్ గుళికలను మిగులుస్తుంది, అవి సీసాను బలహీనపరుస్తాయి. మూతలు తీసి విడిగా అమ్ముకోవాలి. కాగితపు లేబుళ్లను గీకనక్కర్లేదు. పచ్చడి నూనె, జామ్ జిగురు పోయేలా ఒకసారి కడిగితే చాలు.

తర్వాత రంగులు. తెల్ల (రంగులేని) గాజు, గోధుమరంగు గాజు, ఆకుపచ్చ గాజు వేర్వేరు సరుకులు. తెల్ల గాజుకే మంచి గిరాకీ ఉంటుంది, కొద్దిపాటి ఆకుపచ్చ ముక్కలకే అది పాడైపోతుంది. గోధుమరంగు అనేది ఇనుము, గంధకం, కార్బన్‌ల వల్ల, ఆకుపచ్చ రంగు క్రోమియం వల్ల వస్తాయి. ఈ రెంటినీ కలిపి కరిగిస్తే రసాయన స్వభావాలు పొసగక కొలిమిలో నురగ లేచే ప్రమాదం ఉంది. మూడు రంగులకు మూడు డ్రమ్ములు ఇళ్ల దగ్గరే పెట్టండి, ఒకసారి కలిసిన పెంకులను చేత్తో ఏరడం ప్రమాదకరం, ఖర్చుతో కూడిన పని.

నిల్వచేసే నేల సిమెంటుదై ఉండాలి. మట్టినేల మీద పోసి పారతో ఎత్తితే గులకరాళ్లు సరుకులో చేరతాయి, మొత్తం లారీ తిరస్కరణకు ఆ గుప్పెడు రాళ్లే కారణమవుతాయి. పైన రేకుల కప్పు ఉంటే వానకు తడిసి తూకం వివాదం రాదు. పనిచేసేవారికి మందపాటి చేతి తొడుగులు, కళ్లద్దాలు, గట్టి బూట్లు మీ ఖర్చుతోనే ఇవ్వాలి. ఇవి కొనలేమనుకుంటే ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. గోనెసంచులను సగానికి మించి నింపకండి, ఎత్తేటప్పుడు చిరుగుతాయి.

రంగులు కలిసిపోయిన గాజుకు కూడా కొన్ని దారులున్నాయి. ఇళ్లలో వేడిని ఆపే గాజు ఉన్ని, నీటిని వడకట్టే గాజు ఇసుక తిరిగి వచ్చిన గాజుతో తయారవుతాయి, అయితే వీటిలోనూ ప్రతి దానికీ దాని నాణ్యతా నిబంధనలుంటాయి. మెత్తని పొడిగా చేసి కాంక్రీటులో కలిపితే కొంత సిమెంటు ఆదా అవుతుంది. పెద్ద ముక్కలు మాత్రం సిమెంటులోని క్షారాలతో చర్య జరిపి క్రమంగా పగుళ్లు తెస్తాయి కాబట్టి ఇంజినీరు సలహా లేకుండా వాడకూడదు. సంక్రాంతి ముందు మాంజా కోసం గాజుపొడి అడిగేవారికి ఎంత ధర ఇచ్చినా అమ్మకండి. ఆ దారం పక్షుల రెక్కలనూ బైకుమీద వెళ్లేవారి గొంతులనూ కోస్తుంది.

బేరం కుదుర్చుకునేటప్పుడు కుప్పలో నాలుగు చోట్ల నుంచి తీసిన పదిహేను, ఇరవై కిలోల నమూనాను టార్పాలిన్ మీద పరిచి, కొనుగోలుదారుతో కలిసి పింగాణీ, రాళ్లు, ఇతర రంగులు ఏరి తూచండి. ధర ఏ రంగుకు ఎంత, కిరాయి ఎవరిది, ఏ వేబ్రిడ్జి (లారీలను తూచే కాటా) తూకం చెల్లుతుంది, మలినం ఎంత దాటితే ఎంత కోత, సరుకు తిరస్కరిస్తే తిరుగు కిరాయి ఎవరు భరించాలి అన్నవి లారీ కదలకముందే కాగితం మీద రాసుకోవాలి. జీఎస్టీ బిల్లు రాసేవారు గాజు తుక్కుకు 7001 అనే హెచ్ఎస్ఎన్ సంఖ్యను (పన్ను కోసం సరుకు రకాన్ని గుర్తించే సంఖ్య) వాడాలి. ఖాళీ లారీ తూకపు చీటీ, నిండు లారీ తూకపు చీటీ రెండూ బిల్లుకు జతచేసి, డబ్బు అందేదాకా వాటి నకళ్లు మీ దగ్గర భద్రపరచుకోండి.