కృష్ణలో చేపలు ఎన్నున్నాయో లెక్కేసేదెలా

ప్రకాశం బ్యారేజీ పైన నీళ్లు చూసి ఇందులో ఎన్ని చేపలుంటాయో అనుకుంటాం కదా, అన్నీ పట్టి లెక్కపెట్టక్కర్లేదండీ. ముందు ఒక చోటు ఎంచుకుని వల వేయాలి, విసురు వల ఒక్కటే సరిపోదు, రకరకాల కన్ను సైజులున్న గిల్ నెట్లు (చేపలు మొప్పల దగ్గర చిక్కుకునేలా నీళ్లలో నిలబెట్టే వలలు) కూడా కావాలి, లేకపోతే ఒకే సైజు చేపలు పడి లెక్క తప్పుతుంది.

పడ్డ బొచ్చెని, శీలావతిని పట్టుకునే ముందు చేతులు తడుపుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు, పొడి చేత్తో పడితే ఒంటి మీద జిగురు పోయి చేపకి జబ్బు చేస్తుంది. పొడవు, బరువు రాసుకుని వీపు రెక్క కింద నుంచి ఒక పొలుసు తీసి మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు మానులో ఉన్నట్టే వలయాలు కనిపిస్తాయి, వాటిని బట్టి వయసు అంచనా వేస్తారు. నాకైతే ఎన్నిసార్లు చూసినా అద్భుతమే.

తర్వాత పొట్ట కింది రెక్క చివర కొంచెం కత్తిరించి వదిలేయాలి. ఉదాహరణకి 100 చేపలకి గుర్తు పెట్టాం, కొన్నాళ్లకి మళ్లీ వల వేస్తే 80 పడ్డాయి, వాటిలో గుర్తున్నవి 10, అంటే ఎనిమిదింటిలో ఒకదానికి గుర్తుంది, మొత్తం చేపల్లోనూ అదే లెక్క అనుకుని 100ని 80తో గుణించి 10తో భాగిస్తే సుమారు 800 ఉన్నట్టు. ఈలోపు చేపలు బయటికి పోకూడదు, కొత్తవి రాకూడదు, అందుకే వరద టైంలో చేయరు.

పిల్ల చేపలు తక్కువగా కనిపిస్తే చేయాల్సినవి మూడు: నదిలో చేప పిల్లల్ని వదలడం, సన్నకన్ను వలలు ఆపడం, వానాకాలంలో గుడ్లు పెట్టేటప్పుడు వేట మానడం. ఇందులో నేను ముందు చెప్పేది సన్నకన్ను వలలు ఆపమనే.