మిర్చి డ్రయ్యర్‌కు మైనం గొట్టాలు: పగటి వేడిని రాత్రికి దాచే పద్ధతి

గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు సోలార్ డ్రయ్యర్‌లో (ఎండవేడి గాలితో ఆరబెట్టే పెట్టెలో) మిర్చి చెడేది పగలు కాదు, పొద్దు గుంకినాక. సగం ఆరిన కాయ తేమ వదులుతూనే ఉంటుంది. చల్లబడిన పెట్టెలో అది గోడలకు నీరై దిగుతుంది, బూజు పడుతుంది. ఆ మొదటి నాలుగు గంటలు గట్టెక్కించడానికే మైనం.

పారఫిన్ మైనం కిలో కరగాలంటే సుమారు 200 కిలోజౌళ్ల వేడి పడుతుంది. గడ్డకట్టేటప్పుడు అదంతా తిరిగిస్తుంది. 20 కిలోలంటే 4,000. నాలుగు గంటలకు పంచితే 280 వాట్లు. గంటకు 50 ఘనమీటర్ల గాలిని 28 డిగ్రీల నుంచి 45కు తేవడానికి సరిపోతుంది. రాత్రంతా ఆరబెడుతుందని మాత్రం ఆశించొద్దు: కిలో నీరు ఆవిరి కావడానికే 2,400 కిలోజౌళ్లు కావాలి.

58–60 డిగ్రీలకు కరిగే మైనం అడగండి. కొనేముందు కొంచెం కరిగించి, థర్మామీటర్ ముంచి, చల్లారేటప్పుడు నిమిషానికోసారి చూడండి. అంకె ఎక్కడ నిలబడిపోతుందో అదే కరిగే ఉష్ణోగ్రత. ఎక్కడా నిలవకుండా దిగిపోతుంటే కల్తీ సరుకు, వద్దు.

ఆ 20 కిలోల మైనం పోయడానికి 50 మి.మీ. వ్యాసం, మీటరు పొడవున్న అల్యూమినియం గొట్టాలు 18 కావాలి. లావు గొట్టాలు తక్కువ పెడితే చాలదా అనిపిస్తుంది. చాలదు. మైనం వేడిని చాలా నెమ్మదిగా పంపుతుంది. అంచున గడ్డకట్టిన పొర నడిమి వేడిని బయటికి రానివ్వదు. పీవీసీ మెత్తబడుతుంది, వాడొద్దు. ఒక కొన వెల్డింగ్ చేయించి, రెండో కొనకు నైట్రైల్ (నూనెకు ఉబ్బని రబ్బరు) వాషర్‌తో మరమూత బిగించండి. మామూలు రబ్బరు మైనానికి ఉబ్బుతుంది.

మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకుండా, వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించండి. గొట్టానికి 1.15 కిలోలు పోయండి, పైన కొంత ఖాళీ ఉంటుంది. కరిగితే మైనం 10–15 శాతం పెరుగుతుంది. గొట్టాలు అడ్డంగానే పరచాలి. నిలబెట్టి కింద వేడి చేస్తే పైన గడ్డ బిరడాలా అడ్డుపడి, కింది ద్రవం అతుకు పగలగొడుతుంది.

గొట్టాల మధ్య 15–20 మి.మీ. సందు, గొట్టాలున్న పెట్టె చుట్టూ 50 మి.మీ. గ్లాస్‌వూల్ (వేడి పోకుండా ఆపే గాజు దూది) ఉండాలి. మైనానికి విడిగా 2 చదరపు మీటర్ల కలెక్టర్ (ఎండవేడిని పట్టే అద్దం పెట్టె) పెట్టి, దాని గాలి 70 డిగ్రీలు దాటేలా ఫ్యాన్ వేగం తగ్గించండి. ఆ గాలి నేరుగా కాయల మీదికి పోకూడదు, రంగు నల్లబడుతుంది. సాయంత్రం కలెక్టర్ తలుపు మూయడం మరిస్తే దాచిన వేడంతా అద్దం గుండా ఆకాశానికి పోతుంది. రాత్రి ఫ్యాన్‌కు 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ చాలు.

మధ్య గొట్టంలో థర్మామీటర్ ఉంచండి. మధ్యాహ్నం మూడు గంటలకు కూడా 60 దాటకపోతే మైనం పూర్తిగా కరగలేదు: అద్దం మీది దుమ్ము, గాలి లీకులు ముందు చూడండి.

సోడియం ఎసిటేట్ ఉప్పు కిలోకు ఇంకా ఎక్కువ వేడి పడుతుంది గానీ, చల్లారినా గడ్డకట్టకుండా మొండికేస్తుంది. ఈ పనికి మైనమే నయం.

ఇదే పద్ధతి రైస్‌మిల్లులో వాడాలనుకుంటే, మిర్యాలగూడ మిల్లుల్లోని ఊక బాయిలర్ పొగను ఈ గొట్టాల మీదికి పంపొద్దు, బూడిద పేరుకుని వేడి ఎక్కదు. పొగతో ముందు నీళ్లు 80 డిగ్రీలకు కాచి, ఆ నీటిని రాగి చుట్టతో మైనంలోకి తిప్పండి. నల్లగొండ బోరు నీళ్లు నేరుగా తిప్పితే చుట్టలో పొలుసు కడుతుంది. ఉప్పులు తీసేసిన (సాఫ్ట్) నీళ్లు ఒకసారి పోసి, అవే మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టుకోండి.