బడిలో ఒకరి జబ్బు పది మందికి పాకకుండా ఎలా చూడాలి?

జూన్ 12న బడులు తెరుస్తాం. నాలుగు వానలు పడేసరికి హాజరు పట్టీలో ఖాళీలు మొదలవుతాయి. ముందు ఇద్దరికి జలుబు, తర్వాత బెంచీ మొత్తానికి దగ్గు, ఆ వెనకే వాంతులు, విరేచనాలు. నల్లగొండ దిక్కు అడిగినా పాలమూరు దిక్కు అడిగినా టీచర్లు చెప్పేది ఇదే. పూర్తిగా ఆపడం ఎవరి వల్లా కాదు. పిల్లలన్నాక భుజాల మీద చేతులేసుకునే తిరుగుతారు. కానీ చాలావరకు తగ్గించొచ్చు. ప్రేయర్‌లో రోజూ శుభ్రత గురించి చెప్పడం కన్నా నల్లా దగ్గర ఒక చిన్న ఏర్పాటు ఎక్కువ పని చేస్తుందని నాకు ఆలస్యంగా తెలిసింది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

1. సబ్బును నల్లాకు కట్టండి

సబ్బు కొని గట్టు మీద పెడతాం. మధ్యాహ్నానికి అది బురదలో నానుతూనో, ఎవరి జేబులోనో ఉంటుంది. మళ్లీ కొనడానికి మనకు విసుగు. దీనికి మందు ఉల్లిగడ్డలు వచ్చే వల సంచి. చిన్న ముక్క కోసి, సబ్బును అందులో వేసి మూతి బిగించి, పిల్లల ఎత్తుకు అందేలా నల్లాకు వేలాడదీయండి. వల మీదే రుద్దుకుంటే నురగ వస్తుంది, నీళ్లు కారిపోతాయి కాబట్టి సబ్బు నానదు.

తర్వాత టైం. భోజనం బెల్లు కొట్టాక చేతులు కడుక్కోమంటే ఎవరూ ఆగరు, పళ్లెం పట్టుకొని ఉరుకుతారు. అందుకని పది నిమిషాలు ముందే ఒక్కో క్లాసును వదలండి. సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దాలి. పిల్లలకు సెకన్లు ఏం తెలుస్తాయి? రెండో ఎక్కం నిదానంగా అప్పజెప్పమనండి, దాదాపు అంతే సమయం పడుతుంది, ఎక్కం కూడా వస్తుంది. అరచేతులతో ఆపేయకుండా వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల కింద కూడా రుద్దించాలి. తుడుచుకోవడానికి అందరికీ కలిపి ఒక టవల్ పెట్టొద్దు. గాలికి ఆరనిస్తే చాలు.

నల్లా లేని చోట ఐదు లీటర్ల నూనె డబ్బా తీసుకోండి. పైభాగంలో మేకు మందం రంధ్రం చేసి, పిడి దగ్గర కర్రకు వేలాడదీసి, మూతికి తాడు కట్టి, తాడు రెండో కొసను నేల మీద ఒక పుల్లకు కట్టండి. పుల్లను కాలితో తొక్కితే డబ్బా వంగి నీళ్లు పడతాయి. చేత్తో ముట్టుకునే పనే లేదు.

శానిటైజర్ ఉంది కదా అంటారు కొందరు. మట్టి చేతుల మీద అది సరిగా పనిచేయదు. వాంతులు, విరేచనాలు తెచ్చే కొన్ని వైరస్‌ల మీద కూడా అంతంతమాత్రమే. సబ్బుకు అది బదులు కాదు.

అంగన్‌వాడీలో పిల్లల కన్నా ముందు ఆయమ్మ చేతులు చూడాలి. పిల్లాడికి కడిగిన చేత్తోనే గుడ్డు పొట్టు తీస్తే మిగతా జాగ్రత్తలన్నీ దండగ. ఇది తప్పు పట్టడం కాదు, ఒక్క మనిషే రెండు పనులూ చేయాల్సి వస్తుంది. అందుకే వంట దగ్గర ఇంకో సబ్బు కట్టాలి.

2. తాగునీళ్లలో గ్లాసు ముంచనివ్వొద్దు

నల్లా ఉన్న స్టీలు డబ్బా ఉంటే మంచిది. బిందె అయితే మూత, పొడుగు కాడ గరిటె ఉండాలి. గ్లాసుకు మూతి పెట్టకుండా ఎత్తి పోసుకొని తాగే అలవాటు మన ఇళ్లల్లో ఉన్నదే, బడిలోనూ నేర్పండి. మన జిల్లాలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి గానీ పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మర్రిగూడ, మునుగోడు దిక్కున బోరు నీళ్లు కాచి ఇస్తున్నాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. తాగడానికి మిషన్ భగీరథ (సర్కారు నల్లా) నీళ్లే వాడండి.

3. ఎవరిని ఎన్ని రోజులు ఇంట్లో ఉంచాలో ముందే చెప్పండి

జ్వరం వస్తే, మాత్ర వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుండా గడవాలి. వాంతులు, విరేచనాలు ఆగాక కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు. తట్టు అయితే దద్దురు కనపడిన రోజు నుంచి నాలుగు రోజులు, గవదబిళ్లలైతే వాపు మొదలయ్యాక ఐదు రోజులు. ఆటలమ్మకు పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా. అమ్మవారు పోసిందని వేపమండలు పెట్టి పిల్లను ఇంట్లోనే ఉంచే ఆచారం ఈ విషయంలో మేలే చేస్తుంది. కాకపోతే ఆయాసం వచ్చినా, పిల్ల మగతగా పడి ఉన్నా ఆచారం పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

కండ్లకలక గురించి ఒక అపోహ పోవాలి. 2023 వానాకాలంలో రాష్ట్రమంతా అది వచ్చినప్పుడు పిల్లలు నల్ల అద్దాలు పెట్టుకొని తిరిగారు, చూస్తే అంటుకుంటుందని. చూపుతో అంటదు. కన్ను నలిపిన చెయ్యి, అదే చెయ్యి తగిలిన పెన్సిలు, తువ్వాలు, వీటితో అంటుతుంది.

ఇవన్నీ కాగితం మీద బాగుంటాయి. పత్తి ఏరే రోజుల్లో ఒక తల్లి పొద్దుగాలే పిల్లాడిని గేటు దగ్గర దింపి, "మేడం, ఒక్క పూట చూస్కోండి, కూలికి పోకపోతే ఎట్ల?" అంటే ఏం చెప్తాం? వెనక్కి పంపితే ఆమె కూలి పోతుంది, ఉంచుకుంటే క్లాసుకు అంటుకుంటుంది. ఈ మాట జ్వరం వచ్చిన రోజు కాదు, జూన్‌లో తల్లిదండ్రుల మీటింగ్‌లోనే తేల్చుకోవాలి. నాయనమ్మ ఉందా, పక్కింటివాళ్లు చూస్తారా అని పేరు రాసి పెట్టుకోండి. ఎవరూ లేరంటే బడిలోనే గాలి వచ్చే వరండాలో, మిగతావాళ్లకు దూరంగా, పెద్దమనిషి కంటి ముందు ఒక చాప వేసే చోటు చూడండి. ఇంకొకటి, నూరు శాతం హాజరుకు బహుమతి ఇచ్చే పద్ధతి మానేయండి. నేనూ ఇచ్చాను. ఒకమ్మాయి జ్వరంతోనే వచ్చి కూర్చుంది, బహుమతి పోతుందని.

4. క్లాసులో వాంతి అయితే

ముందు పిల్లలను బయటికి పంపి కిటికీలు తీయండి. చేతికి గ్లౌజులు, లేకుంటే ప్లాస్టిక్ కవర్లు. వాంతి మీద బూడిదో ఇసుకో చల్లి ఎత్తేయండి, చీపురుతో చిమ్మితే చిట్లి ఇంకా దూరం పోతుంది. తర్వాత బ్లీచింగ్ నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి కడగాలి. సుమారు 30 శాతం క్లోరిన్ ఉన్న కొత్త బ్లీచింగ్ పౌడర్ అయితే దీనికి లీటరుకు 15 గ్రాములు. రోజూ గచ్చు, తలుపు గడియలు తుడవడానికి లీటరుకు 3 గ్రాములు చాలు. ఏ రోజుది ఆ రోజే కలపండి.

బాత్రూం కడిగే యాసిడ్‌ను, బ్లీచింగ్‌ను ఎప్పుడూ కలపొద్దు, ఒకదాని వెంట ఒకటి పోయొద్దు. విషవాయువు వస్తుంది. మన బడుల్లో రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటాయి, ఇవాళే వేరు చేయండి.

5. హాస్టళ్లలో గజ్జి

ఒక్కరికి మందు పూస్తే పోదు. ఒకే గదిలో పడుకునేవాళ్లందరికీ, గోకుడు లేనివాళ్లకు కూడా, ఒకే రోజు పూయాలి. డాక్టర్లు సాధారణంగా పెర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ రాస్తారు. రాత్రి మెడ నుంచి పాదాల దాకా పూసి పొద్దున స్నానం చేయాలి, వారం తర్వాత మళ్లీ ఒకసారి ఇలాగే పూయాలి. అదే రోజు బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఇక్కడే ఎక్కువసార్లు దెబ్బతింటాం. క్రీమ్ సోమవారం వస్తుంది, దుప్పట్లు ఆదివారం ఉతుకుతారు.

6. టీకా కార్డు, దోమలు, ఫోన్ నంబర్

ముంబయి, పుణె పనులకు వలసపోయి వచ్చిన కుటుంబాల పిల్లలు బడిలో చేరేటప్పుడు టీకా కార్డు అడగండి. తట్టు టీకా రెండు డోసులు, ఐదేళ్లకు వేసే డీపీటీ బూస్టరు (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా), పదేళ్లకు, పదహారేళ్లకు వేసే టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా), వీటిలో ఏది తప్పినా ఊళ్లో టీకాలు వేసే నర్సమ్మ ఏఎన్‌ఎంకు చెప్తే వేస్తారు. కార్డు లేదని చేర్చుకోకుండా మాత్రం పంపొద్దు.

డెంగీ పిల్లాడి నుంచి పిల్లాడికి నేరుగా అంటదు, పగలు కుట్టే దోమ తెస్తుంది. ప్రతి శుక్రవారం డ్రమ్ములు, పూలకుండీలు ఖాళీ చేసి ఆరబెట్టండి.

రెండు మూడు రోజుల్లో ముగ్గురికి ఒకే రకం వాంతులో, దద్దుర్లో కనపడితే పదిమంది అయ్యేదాకా చూడకుండా ఏఎన్‌ఎంకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో ఫోన్ చేయండి. ఆ నంబర్ హెడ్‌మాస్టర్ ఫోన్‌లో ఉంటే చాలదు. ఆయన మీటింగ్‌కు పోయిన రోజే అవసరం పడుతుంది. 108తో పాటు వంటగది తలుపు మీద పెయింట్‌తో పెద్ద అక్షరాల్లో రాయించండి.