కొంగ మెడ చూసి షట్టర్ నొక్కండి

కొంగ చేపను పొడిచేది రెప్పపాటులో. అది దొరకాలంటే మీ చూపు దాని మెడ మీదే ఉండాలి. మెడ మెల్లగా ముందుకు చాచి, తల కాస్త ఒరగేసి, నీళ్లలోకి చూస్తూ బిగుసుకుపోయిందంటే పోటుకు సిద్ధమైనట్టే. బర్స్ట్ (వరసగా ఫొటోలు తీయడం) అప్పుడే మొదలుపెట్టండి. ముక్కు నీళ్లను తాకాక నొక్కితే మిగిలేవి తుంపరలే. అలాగని వేలు తీయకుండా పట్టుకుంటే బఫర్ (కెమెరాలో ఫొటోలు తాత్కాలికంగా నిలిచే చోటు) నిండి, తీరా పొడిచే వేళకు కెమెరా మొరాయిస్తుంది. చిన్న చిన్న విడతలుగా నొక్కండి. షట్టర్ వేగం వేటకు 1/2000, ఎగిరేటప్పుడు 1/1600 సెకను ఉండాలి. ఊరికే నిలబడి ఉంటే 1/500 చాలు.

ఎక్కువ ఫొటోలు చెడేది తెల్ల ఈకల దగ్గర. వెనక చీకటి పొదలుంటే ఆటో మీటర్ (వెలుతురును కొలిచి ఫొటో వెలుగును తనే సరిచేసేది) వెలుతురు పెంచేస్తుంది, ఈకలు సున్నం పూసినట్టవుతాయి. అదే కొంగ ఆకాశంలోకి లేస్తే నల్లబడుతుంది. నిజానికి దాని మీద పడే ఎండ మారలేదు, వెనకున్నదే మారింది. అందుకే అన్నీ మీరే నిర్ణయించే మాన్యువల్‌ మోడ్‌లో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) కూడా స్థిరంగా పెట్టండి. నిండు ఎండలో 1/2500, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదై స్పష్టమైన లోతు పెరుగుతుంది), ఐఎస్ఓ 400తో మొదలుపెట్టి, హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి వెలుగుల గ్రాఫ్) కుడి అంచుకు తగలకుండా సరిచేసుకోండి. ఎండ తగ్గితే మళ్లీ చూసుకోవాలి.

ఎఫ్/8 ఎందుకంటే, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద 600 మి.మీ. లెన్స్‌తో 10 మీటర్ల దూరంలో, ఎఫ్/5.6 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 9 సెం.మీ. మాత్రమే. నారాయణపక్షి (బూడిదరంగు పెద్ద కొంగ) మీ వైపు తిరిగితే ముక్కే అంతకన్నా పొడవు! ఫోకస్ మాత్రం కంటి మీదే.

లెన్స్‌ను బీన్‌బ్యాగ్ (గింజలు నింపిన సంచి) మీద పెట్టి నీటి మట్టానికి దించండి. గట్టు మీద నిలబడి తీస్తే కాళ్లు పొట్టిగా, నేపథ్యమంతా బురదగా వస్తుంది.

ఎగరబోయే ముందు మోకాళ్లు వంచుతుంది, మెడ సాచుతుంది, చాలాసార్లు రెట్ట వేస్తుంది. లేచేది గాలికి ఎదురుగా. కాబట్టి గాలీ ఎండా రెండూ మీ వీపున ఉన్న చోటు ఎంచుకోండి. జూమ్ ముందే తగ్గించాలి, లేకుంటే రెక్కల కొసలు తెగిపోతాయి. నారాయణపక్షి ఎగురుతూ మెడ ముడుచుకుంటుంది, ఎర్రకాళ్ల కొంగ చాచే ఉంచుతుంది. దానికి ముందువైపు చోటు ఎక్కువ వదలండి.

దగ్గరికి వెళ్తున్నప్పుడు మెడ నిటారుగా లేచిందా, అక్కడే ఆగి కూర్చోండి. గూళ్ల వైపు అసలే వద్దు. తల్లి లేస్తే పిల్లలు ఎండకు మాడతాయి, కాకుల పాలవుతాయి.

పొద్దెక్కాక నీటి మీద వేడిగాలి అలలు లేస్తాయి. దూరపు ఫొటోలన్నీ మసకబారతాయి, ఎంత ఖరీదైన లెన్సయినా సరే. అప్పటికి కెమెరా సర్దేసుకోవచ్చు.